తొమెకిచి అన్న మానేసిన సారా

ఏంటమ్మా, సగానికే పోసి ఆపేశావ్? ఓహో, డాక్టరు చెప్పాడా. సరే సరే, నేనేం అన్లేదుగా. మూత పెట్టెయ్. అలక లేదు, ఏం లేదు, అట్లా బిక్కమొహం పెట్టకు. తాతగారు అలిగారని మీ ఆయనకి ఫోన్లు గీన్లు చెయ్యకు. ఇట్లా వచ్చి కూచో. నువ్వు ఆ మూత బిగిస్తుంటే నాకెవరో గుర్తొచ్చారు, అంతే. పోలికని కాదులే. నీది చక్కటి కోలమొహం, ఆవిడది చాటంత మొహం, ఎండకి కమిలి ఇంత నల్లగా ఉండేది. ఇసో వదిన, తొమెకిచి అన్న పెళ్ళాం. పై వీధిలో ఉండేవాళ్ళు, ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారే, ఆ జాగాలో. నువ్వెక్కణ్ణుంచి ఎరుగుదువు, ఆవిడ పోయేనాటికి మీ ఆయనే చంటాడు. నేను చెప్పబోయేది అంతకంటే ముందు మాట. తొమెకిచి అన్న ఉన్నప్పటి మాట.

తొమెకిచి అన్న మా పడవలో ఇంజను చూసేవాడు. ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుకి జనాన్నీ బళ్ళనీ దాటించే పడవే, ఇప్పుడుందే, దానికి తాత అనుకో. నేను పైన తాళ్ళు కట్టేవాణ్ణి, ఆయన కింద ఆ వేడిలో, ఆ మోతలో. అందుకని ఆయన మాటంతా అరుపే. రహస్యం చెప్పినా అవతలి ఒడ్డుకి వినిపించేది. "ఒరే సాకొదా, నీకో మాట చెప్తా, ఎవరికీ చెప్పకూ!" అని అరిచేవాడు, అప్పటికే సగం పడవ వినేసేది. మంచి మనిషి. కోపం కూడా అరుపులోనే పోయేది, లోపల దాచుకోవడం తెలీదు. అట్లా అనుకునేవాణ్ణి నేను. ఏం చెప్తున్నానూ... ఆ, తాగుడు. పగలు ముట్టేవాడు కాదు. సాయంత్రం ఇంటికెళ్ళి, స్నానం చేసి, చిలగడదుంపల సారా వేణ్ణీళ్ళలో కలుపుకుని రెండు గిన్నెలు. మూడోది ఎవరు బతిమాలినా పోయించుకునేవాడు కాదు. ఒళ్ళలుపు తీరడానికి మా వేపు అందరూ తాగేదే, నీకు తెలుసుగా. మీ పట్నంలో లాగా పార్టీలని, పబ్బాలని కాదు.

ఇసో వదిన ముందే నీళ్ళు కలిపి, నల్లటి మట్టి జారీలో పోసి, నిప్పుల మీద వెచ్చబెట్టి ఉంచేది. చిన్న చేపలు వేయించి పళ్ళెంలో పెట్టేది. పెట్టి, తలుపు జరిపేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఎదురుగా కూచునే అలవాటు లేదమ్మా. మగాళ్ళు తాగుతుంటే తలుపవతల చెవులప్పగించి కూచోడం, జారీ ఖాళీ అయిన చప్పుడు వినపడితే ఇంకోటి తేవడం. ముప్పై ఏళ్ళు పైనే అట్లా గడిచింది వాళ్ళకి.

తర్వాత అన్నకి పడవ దిగే వయసొచ్చింది. మేమంతా వీడ్కోలు చెప్పి పంపించాం. మర్నాడు సాయంత్రం ఏం జరిగిందో ఆయనే చెప్పాడు నాకు, అరుస్తూనే. జారీ పెట్టి వదిన వెళ్ళిపోబోతోందిట. "ఇసో, ఇట్లా వచ్చి కూచో" అన్నాట్ట. ఆవిడ బెదిరిపోయి, "ఏం, ఉప్పెక్కువైందా?" అందిట. "ఉప్పు లేదు, పప్పు లేదు, కూచోమంటున్నా." కూచుంది. ఈయన ఇంకో గిన్నె తెచ్చి పోశాడు. "నాకెందుకండీ ఇది, అరవయ్యో పడిలో పడ్డ ముసలిదాన్ని!" అంటే, "ఇప్పుడే కదే మనకంటూ సాయంత్రాలొచ్చింది, ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయి?" అన్నాట్ట. మొదటి గుక్కకి పొలమారి, కళ్ళెంబడి నీళ్ళు కారి, మొహం కందగడ్డ అయిపోయిందిట. రెండో రోజు తనే గిన్నె తెచ్చుకుని కూచుంది.

ఇంకక్కణ్ణుంచి చూడాలి. సాయంత్రమయితే అరుగు తలుపులు బార్లా తీసి, ఎదురుగా ఆ పొగ కక్కే కొండ, ఇద్దరూ పక్కపక్కన. ఆయనకి రెండు, ఆవిడకొకటి. ఒక గిన్నె పడితే చాలు, వదినకి ఎక్కడలేని మాటలూ వచ్చేవి. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పెంచిన పంది సంగతి, అత్తగారు అన్న మాటలు, పోయిన పిల్లవాడి సంగతి. వాళ్ళకి ఓ మగపిల్లాడు పుట్టి పోయాడులే, కూతురికి ముందు. ఆ పిల్లాడి పేరు ఇద్దరూ కలిసి మళ్ళీ పలికింది ఆ అరుగు మీదేనట. "నలభై ఏళ్ళ కాపరంలో ఇసోకి ఇన్ని మాటలొచ్చని నాకు తెలీదురా సాకొదా" అనేవాడు అన్న. తాళ్ళు కట్టి నేనటు వెళ్తుంటే పిలిచేవాళ్ళు. నేనూ ఓ గిన్నె తాగి, ఓ చేప నమిలి వచ్చేవాణ్ణి. వదిన నవ్వు సందు మొదటికి వినిపించేది.

ఊరు ఊరుకుంటుందా? మా అమ్మే మొదలెట్టింది. "ఛీ, ముసలితనంలో ఇదేం పొయ్యేకాలం! మనవలెత్తే వయసులో మొగుడి పక్కన కూచుని తాగుతుందా, అదీ వీధిలోకి కనపడేట్టు!" అని. మా అమ్మ వంటలోకని తెచ్చిన సారా ఎంత కూరలోకి పోయేదో, ఎంత నోట్లోకి పోయేదో నాకూ, మా ఆవిడకీ, అదే మీ అమ్మమ్మకీ తెలుసు. సరేలే, పోయినావిణ్ణి ఎందుకు ఆడిపోసుకోవడం. వదిన చెవిన పడ్డా పట్టించుకోలేదు. "వాళ్ళని కూడా రమ్మనండి, జారీ పెద్దదే" అనేది.

తొమ్మిదేళ్ళో ఎంతో అట్లా గడిచింది. ఒకరోజు పొద్దున్నే, రాత్రి ఆ కొండ మీంచి వచ్చి పడ్డ బూడిద ఊడుస్తున్నాడు అన్న. ఊడుస్తూ ఊడుస్తూ మురిక్కాలవ పక్కన కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు కూడా కొంచెం ఇటు లాగేసింది. అవతలి ఒడ్డున పెద్దాసుపత్రికి మా పడవలోనే తీసుకెళ్ళాం. జీవితమంతా అడుగునున్న మనిషిని ఆవేళ పైన చాప మీద పడుకోబెట్టాం. వదిన ఆయన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ చూళ్ళేదు. నేను ఏదో అన్నాను, వినపడలేదామెకి.

అక్కడి పెద్ద డాక్టరు గట్టిగా చెప్పాడు. "మందు చుక్క ముట్టకూడదు. ముట్టారా, రెండోసారి వస్తుంది, ఆసారి లేవరు." ఇంతే అన్నాడు. వదిన ఆ మాట గుండెల్లో రాసుకుంది. ఇంటికి రాగానే ఉన్న సారా అంతా కాలవలో పోసేసింది. నల్ల జారీ కడిగి తుడిచి, గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చి మీ అమ్మమ్మ చేతికిచ్చింది. "నీ దగ్గరుంచు ఫుకీ, కళ్ళబడితే ఆయనకి ప్రాణం లాగుతుంది." కొట్టువాడి దగ్గరికెళ్ళి చెప్పొచ్చింది, మా ఆయనొస్తే అమ్మకు అని. నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ, తాగిన రోజు మా గుమ్మమెక్కకు. ఏమీ అనుకోకు" అంది. ఏమనుకుంటాం? పొద్దున పూట వెళ్ళేవాణ్ణి. మిగతా పడవవాళ్ళు మొదట్లో వచ్చారు, బార్లీ నీళ్ళు తాగి కూచున్నారు, మెల్లిగా మానేశారు.

ఆవిడా మానేసింది. అన్న అడిగేవాట్ట, "నువ్వు తాగవే, పక్కన కూచుని వాసనన్నా చూస్తాను" అని. "మీకు లేనిది నా గొంతు దిగుతుందా?" అనేది. అదీ సబబే, ఏమనగలం. కానీ నీతో చెప్తున్నా అమ్మాయ్, పోయింది సారా ఒక్కటే కాదు. ఆ మాటలూ పోయాయి. సాయంత్రమయితే అరుగు తలుపులు మూసేసేవాళ్ళు. లోపల టీవీ. పెందలాడే తినడం, పడుకోడం. వదిన మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది, ఆయన మళ్ళీ ఒక్కడూ ఇవతల. తిండి, మందులు, కాళ్ళకి మర్దన, ఒక్కరోజు తప్పలేదు. పసిబిడ్డని సాకినట్టు సాకింది. కర్రతో నడిచేదాకా తెచ్చింది. మీ అమ్మమ్మ అనేది, "ఇసో అక్క కాబట్టి బతికించుకుంది, ఇంకోళ్ళయితే వల్లయ్యేది కాదు" అని. నేను ఓ రోజు ఔననేవాణ్ణి, ఓ రోజు ఇదేం బతుకనేవాణ్ణి. నాకేం తెలుసు, అప్పటికి నాకు యాభై లేవు. ఆ వయసులో మనకన్నీ తెలుసనుకుంటాం.

ఒకసారి ఏమైందంటే, రేవు గట్టు మీద గాలాలేసుకుని కూచున్నాం, ఆయనా నేనూ, ఇంజను దగ్గర పనిచేసిన పాత మనిషి ఇంకొకడు. వాడు జేబులోంచి చిన్న సీసా తీసి అన్న ముందు పెట్టాడు. "అన్నా, ఇక్కడ వదిన లేదు, ఓ గుక్కెయ్" అన్నాడు. నేను వద్దనలేదు, తాగమనలేదు. అన్న ఎడం చేత్తో సీసా తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. చూసి, తిరిగిచ్చేశాడు. "ఇంటికెళ్ళగానే ఇసో పట్టేస్తుందిరా. పట్టుకుని నాలుగు తిడితే ఫరవాలేదు, తాగేవాణ్ణే. అది తిట్టదు. వంటింట్లోకెళ్ళి గోడకేసి తిరిగి కూచుంటుంది. అది చూళ్ళేను" అన్నాడు. అప్పటికి ఆయన గొంతులో అరుపు పోయింది. మూతి వంకర పోయాక మాట మెత్తబడిపోయింది. చెవి దగ్గర పెట్టి వినాల్సొచ్చేది.

ఆరేళ్ళు. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో ఏదో పుట్టింది. రెండోసారి పక్షవాతం రాలేదు చూడు, ఇది వచ్చింది. ఆసుపత్రి వద్దన్నాడు, ఇంట్లోనే మంచం వేశారు. మన ఊరికి కొత్తగా ఓ కుర్ర డాక్టరొచ్చాడు అప్పుడు, ఇంటికొచ్చి చూసేవాడు. అతను ఓ రోజు వదినని అరుగు మీదకి పిలిచి, "అమ్మా, ఇంక పథ్యాలవీ వద్దు. ఏదడిగితే అది పెట్టండి. తాగాలని ఉంటే అదీ ఇవ్వండి" అన్నాడు. వదినకర్థమైంది. చెప్పులు కూడా లేకుండా మా ఇంటికొచ్చింది. "ఫుకీ, నా జారీ ఏదీ?" మీ అమ్మమ్మ తీసిచ్చింది. నన్ను చూసి, "నువ్వూ రా తమ్ముడూ. నువ్వుంటే ఆయనకి బావుంటుంది" అంది. కొట్లో కొత్త సీసా కొన్నాం. ఎట్లా కలపాలో ఆవిడ మర్చిపోలేదు. వెచ్చబెట్టింది, చేపలు వేయించింది, అరుగు తలుపులు తీసింది. ఆరేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ దుంపల వాసన.

గిన్నె తీసుకుని మంచం పక్కన కూచుంది. "ఏవండీ, డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఒక్క గుక్క." అన్న కళ్ళు తెరిచాడు. గిన్నె వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. వద్దన్నట్టు తలాడించాడు. "ఇష్టమేగా మీకు. వేడివేడిగా ఉంది. తాగండి." అప్పుడన్నాడు. నేను వంగి విన్నాను కాబట్టి నాకూ తెలుసు. "ఇప్పుడు తాగితే, ఆ ఆరేళ్ళూ దేనికి మానినట్టు, ఇసో?" అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు. వదిన గిన్నె అట్లాగే పట్టుకుని కూచుంది. ఆవిరి పోయింది, చల్లారింది. నేను చేపల పళ్ళెం వంక చూస్తూ కూచున్నాను. మేం కూడా ఎవరం ముట్టలేదు. ఆ వారం తిరక్కుండానే పోయాడు.

ఇక్కడ సమాధుల దగ్గర మనవాళ్ళేం చేస్తారో చూశావుగా, పోయినవాళ్ళకి ఇష్టమని సారా పోస్తారు. వదిన పొయ్యలేదు. బార్లీ నీళ్ళు తీసుకెళ్ళి పోసొచ్చేది. అన్న తమ్ముడొకడు ఉండేవాడు, నోరు మంచిది కాదు. అందరి ముందూ అన్నాడు, "వదినా, బతికున్నన్నాళ్ళూ ఎట్లాగూ పొయ్యలేదు, పోయాకైనా ఓ చుక్క పొయ్యరాదూ?" అని. నేను వాణ్ణి కొట్టబోయాను. వదిన మాత్రం "ఆయన వద్దన్నారు" అంది, అంతే.

ఆ చలికాలంలో ఓ సాయంత్రం మా ఇంటికొచ్చింది. ఊరికే వచ్చిందనుకున్నాం. కూచుని, "ఫుకీ, ఓ గిన్నె పోస్తావా? మా ఇంట్లో తాగలేను" అంది. మీ అమ్మమ్మ నా మొహం చూసి, కలిపి ఇచ్చింది. సగం తాగింది. మాటలొస్తాయేమో, నవ్వుతుందేమో అనుకున్నాను వెర్రిగా. గిన్నె చేతిలో తిప్పుతూ, "తమ్ముడూ, ఆరోజు నువ్వున్నావుగా. ఆ మాట ఆయన నన్నూరడించడానికన్నారా, దెప్పడానికన్నారా?" అని అడిగింది. ఊరడించడానికే వదినా అన్నాను. నమ్మలేదు. అప్పుడా రేవు గట్టు మీద అన్న సీసా తిరిగిచ్చేసిన సంగతి చెప్పాను. "ఏమన్నారు, మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను, ఆయనన్న మాట అన్నట్టే.

గిన్నె కింద పెట్టేసింది. "గోడకేసి తిరిగి ఎందుక్కూచునేదాన్నో తెలుసా తమ్ముడూ? ఎదురుగా ఉంటే ఎక్కడ పోసేస్తానో అని. ఊరంతా వినేట్టు అరిచే మనిషి, నా మీద ఒక్కసారి అరవలేదు. ఒక్కసారి, పొయ్యవే అని అరిచుంటే..." అని ఆగిపోయింది. మీ అమ్మమ్మ వెళ్ళి పక్కన కూచుంది.

...

గాలి ఇటు మళ్ళినట్టుంది, కొండ బూడిద లోపలికొస్తుంది. ఆ కిటికీ వెయ్యమ్మా.