సోమయాజులు గారి చేతి గేరు

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో మెకానిక్ విజయేందర్ షెడ్డు. కమలకుమారి గారు ఆటో దిగీ దిగకముందే మొదలుపెట్టారు.

“మా వారు వస్తున్నారు. బండి ఇంకా కాలేదని చెప్పు, విజయేందర్.”

“మళ్లనా? అమ్మా, నా తాన అబద్ధాలు ఒడిసినయ్. అఫ్జల్‌గంజ్ నుంచి కేబుల్ రాలేదన్న. వెల్డింగాయన ఊరికి పోయిండన్న. మొన్న మా అత్తను గూడ దవాఖానల ఏసిన.”

“అయ్యో, ఏమైంది ఆవిడకి?”

“ఏం గాలే. ఇంట్ల కూసొని సీరియల్ చూస్తున్నది.”

“అయితే ఈవేళ మామగారిని వెయ్యి.”

“జర బండి చూడున్రి అమ్మా. సోమయాజులు సార్‌ది ఎడమ కాలు మోకాలి కింద పెట్టుడు కాలు గదా, గేరుకు ఇంక కాలే అక్కర్లే. గీడ, బొటనవేలి కాడ రెండు మీటలు. ఒకటి నొక్కితే గేరు పెరుగుతది, ఇంకోటి నొక్కితే తగ్గుతది. కుడి కాలి కాడ ఉండే ఎనక బ్రేకు గూడ చేతికే తెచ్చిన.”

“బాగానే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే? కాలు కింద పెట్టాలిగా? ఆ కాలికి నేల తగిలిందో లేదో కూడా ఆయనకి తెలీదు.”

“గందుకే గదా బ్రేకు పైకి తెచ్చింది! కుడి కాలు ఖాళీ. అదే పెడ్తడు.”

“అలవాటు కొద్దీ ఎడమది పెడితే? అబిడ్స్ సర్కిల్లో, బస్సుల మధ్య! ఆ మనిషిని నేను లేపగలనా?”

“ఫికర్ అదొక్కటేనా?”

“ఇంకేముంటుంది?”

“ఏమో. అడిగిన.”

“ఇదివరకు ఆదివారం బండి తీశారంటే మళ్ళీ చీకటి పడ్డాకే. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని కోఠీ దాకా వస్తున్నారు. దొండకాయల కోసం పోట్లాడుతున్నారు. నవ్వకు!”

“నవ్వుతలేనమ్మా. అగో, సార్ వచ్చిండు.”

“అప్పుడేనా! గుడ్డ కప్పు, గుడ్డ కప్పు! ... ఏమయ్యా విజయేందర్, ఎన్నాళ్ళు తిప్పుతావు మా వారిని? నువ్వసలు మనిషివేనా?”

“అరె, అమ్మా...”

“కమలా! నువ్విక్కడేంటి?”

“అబిడ్స్‌లో జాకెట్టు గుడ్డలకని వచ్చానండీ. మీ తరఫున నాలుగు దులుపుదామని...”

“దులిపావుగా. ఏం విజయేందర్, అయిందా?”

“ఇంకా లే సార్. మా మామ దవాఖానల...”

“మొన్న అత్తగారన్నావు?”

“ఆమెను చూడనీకి పోయి ఆయన గూడ పడ్డడు సార్.”

“సరే, వదిలెయ్. అమ్మేద్దాం.”

“ఏమన్నారు?”

“బండి అమ్మేద్దాం కమలా. నువ్వన్నదే నిజం. ఈ కాలితో నాకెందుకు? పాత సామాను వాడికి ఇచ్చెయ్ విజయేందర్. ఇంట్లో కూర్చుని నేనూ సీరియల్స్ చూసుకుంటా.”

“అదేం మాటండీ! ఆపరేషనయ్యాక మత్తు వదలగానే బండి తాళం ఏదని అడిగిన మనిషి!”

“అప్పుడు అడిగాను. ఇక చాలు.”

“ఏం చాలదు! విజయేందర్, ఆ గుడ్డ తియ్యి.”

“ఏ గుడ్డమ్మా?”

“బండి మీద గుడ్డయ్యా! ఎప్పుడో అయిపోయిందండీ. నేనే ఆపించాను. పడతారేమోనని భయం. మళ్ళీ నన్నొదిలేసి తిరుగుతారని అంతకన్నా భయం. తిట్టండి, పడతాను. అమ్మడం మాత్రం వద్దు. మీరలా మాట్లాడితే నేను చూడలేను.”

“విన్నావా విజయేందర్?”

“విన్న సార్. ఇంగ నేను అబద్ధాలాడుడు బంద్.”

“ఏంటి, మీరిద్దరూ నవ్వుకుంటున్నారు?”

“ఎక్కు కమలా. రోజూ పొద్దున ఫిజియోథెరపీకని చెప్పి, ఖైరతాబాద్ దాకా దీని మీదే వెళ్ళొస్తున్నాను. వెనక సీటొక్కటే ఖాళీగా పోతోంది.”