దాత: కె. ఉలిగమ్మ, 10-04-2022

పెనుకొండ కోర్టులో మేజిస్ట్రేటు గారి ఎదుట 2025 సెప్టెంబరు 15, సోమవారం, ఉదయం 11 గంటల 10 నిమిషాలకు ఇచ్చిన వాంగ్మూలం.

నా పేరు కురుబ ఉలిగమ్మ. వయసు 46. భర్త పేరు గంగాధర. ధర్మవరం శివానగర్‌లో బాడుగ ఇంట్లో ఉంటాం. పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టడం నా పని. ఏడో తరగతి వరకు చదివాను. సంతకం చేయగలను.

నేను ఏమీ చెప్పనవసరం లేదని, చెబితే అది నా మీదనే సాక్ష్యమవుతుందని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. గదిలో పోలీసులు లేరు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. నా మాట నా మీదికే వస్తుందని ఈ ఏడాది నాకు ఇదివరకే ఒకసారి తెలిసింది. అయినా చెబుతున్నాను.

ఎర్రగుట్టపల్లి భజన మందిరం గుమ్మానికి ఉన్న తోరణాన్ని ఈ నెల 11న, గురువారం, తీసింది నేనే. ఆ తోరణాన్ని చేసింది కూడా నేనే. రెండూ రాయండి.

2016లో మేము హిందూపురంలో ఉన్నాం. నా భర్త అక్కడ ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్. ఇంటి ఓనరు సావిత్రమ్మ మొదటి రోజే చెప్పింది. "మేకులు కొట్టేది లేదమ్మా. తోరణమో, క్యాలెండరో నాకు తెల్దు. గోడకు ఒక్క బొక్క పడినా ఊరుకోను." ఆ ఉగాదికి వీధిలో అన్ని గుమ్మాలకూ తోరణాలున్నాయి, మా గుమ్మం బోసిగా ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మేకు లేకుండా అంటించి చూపిస్తానని పట్టుబట్టాను. టేపు వేస్తే మధ్యాహ్నానికి ఊడింది. జిగురు పూస్తే ఊడలేదు, తీసేటప్పుడు సున్నం పెళ్లలతో సహా వచ్చింది. సావిత్రమ్మ మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించింది. ధర్మవరం వచ్చేశాం.

సరిగ్గా కుదరడానికి ఆరేళ్లు పట్టింది. చివరికి ఆ కిటుకు నా చేతిపనిలోనే ఉంది. చీర కుచ్చులో బరువంతా ముడి మోస్తుంది, బట్ట మోయదు. ఆకులు వేలాడే పట్టీకి, గోడకు ఆనే వైపున, అదే ముడి వేశాను. కింద ఆకులు ఎంత లాగితే పట్టీ గోడకు అంత గట్టిగా ఒత్తుకుంటుంది. తీయాలంటే పక్కనున్న దారం లాగాలి. ముడి విడిపోయి పట్టీ చేతిలోకి వస్తుంది. గోడకు మచ్చ పడదు. ఆకులు రేకువి, వాటి మీద పట్టుచీరల మిగులు ముక్కలు అంటించాను.

మా ఇళ్లలో మొదటిది ఏదైనా దేవుడికి పోతుంది. మొదటి ఉన్ని, మొదటి కాయ. అందుకని మొదటి తోరణాన్ని నా భర్త ఊరైన ఎర్రగుట్టపల్లికి తీసుకుపోయాను. 2022 ఏప్రిల్ 10, శ్రీరామనవమి, ఉదయం 9 గంటల 20 నిమిషాలకు భజన మందిరం గుమ్మం పైన అంటించాను. మందిరాన్ని చూసుకునేది నా భర్త చిన్నాయన శంకరప్ప. నేను ఆయన్ను మామా అంటాను. ఆయనే దాని మీద పేరు రాయించాలన్నాడు. వద్దన్నాను.

"పేరు లేకుంటే ఎట్లమ్మా? ఫ్యానుకు పేరుండాది, గంటకు పేరుండాది, నీళ్ల డ్రమ్ముకు గూడా పేరుండాది. నీ దానికి ల్యాకుంటే యాడో ఎత్తుకొచ్చినారనుకుంటారు."

పెయింటర్ తిరుపాల్‌ను పిలిపించాడు. నడిమి ఆకు మీద తెల్ల పెయింటుతో ఇలా రాయించాడు. దాత: కె. ఉలిగమ్మ, 10-04-2022. వద్దన్నదాన్ని, రాసిన తరువాత నాలుగుసార్లు చదువుకున్నాను. ముప్పై ఏళ్లుగా కుచ్చులు కడుతున్నాను. ఏ చీర మీదా కట్టినవాళ్ల పేరుండదు. సాయంత్రం భజన జరిగింది. ఎవరో సెల్‌ఫోనులో తీసి యూట్యూబులో పెట్టారు. ఎవరు తీశారో నాకు తెలియదు.

ఆ తరువాత ధర్మవరంలో పట్టుచీరల అంగడాయన ఒకరు, ఇలాంటిది కనిపెడితే పేటెంటు తీసుకోవాలని, తీసుకుంటే ఇరవై ఏళ్లు అది నీదేనని ప్రభుత్వమే రాసిస్తుందని చెప్పాడు. నీదేనని రాసిస్తుంది అన్నమాట నా మనసులో పడింది. హిందూపురంలో ఆ పని చేసే హరీష్ గారి దగ్గరకు పోయాను. 2022 సెప్టెంబరు 26న ఆయన దరఖాస్తు పెట్టారు. పెట్టే ముందు ఒక మాట అడిగారు.

"అక్కా, దీన్ని ఇంతకుముందు ఎవరికన్నా చూపించినారా? అమ్మినారా?"

"లేదు సార్. ఎవురికీ చూపించలా."

అది అబద్ధమని నాకు తెలియదు. దేవుడికి ఇచ్చింది మనుషులకు చూపించినట్టవుతుందని నాకు తోచలేదు. ఇందులో హరీష్ గారి తప్పేమీ లేదు. ఆయన అడిగారు, నేను లేదన్నాను.

2024 ఫిబ్రవరిలో పేటెంట్ ఆఫీసు నుంచి పరీక్ష నివేదిక వచ్చింది. గోడకు అంటించే అలంకరణ అమరిక అని దానికి పేరు. ఇతర దేశాల్లో పాతకాలంలో చేసిన కొక్కేలు, టేపులు చూపించి, నీది వీటికంటే ఎలా కొత్తదని అడిగారు. హరీష్ గారు ఒక్కొక్కదానికీ జవాబు రాశారు. దేంట్లోనూ నా ముడి లేదు. 2025 జూన్‌లో విచారణకు పిలుపు వచ్చింది. ఈసారి దాంతో ఒక ఫొటో ఉంది. భజన వీడియోలోంచి తీసిన ఫొటో. ఆకు మీద నా పేరు, తేదీ చక్కగా కనిపిస్తున్నాయి. దరఖాస్తుకు అయిదు నెలల ముందు తేదీ.

హరీష్ గారు ఫొటోను చాలాసేపు చూశారు. "అక్కా, ఫొటోలో పట్టీ వెనుక ఏముండాదో కనపడల్యా. నేను మాట్లాడతా. మీరు గమ్మునుండండి," అన్నారు.

జూన్ 18, బుధవారం, మధ్యాహ్నం 3 గంటలకు ఆయన ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాం. అవతల ఉన్న అధికారికి తెలుగు వచ్చు. మర్యాదగల మనిషి. ఫొటోలో ఉన్నది మేకులతో తగిలించిన మామూలు తోరణం కావచ్చని, దరఖాస్తులో ఉన్నది అదేనని ఎలా అంటారని హరీష్ గారు వాదిస్తున్నారు. అధికారి తల ఊపుతూ రాసుకుంటున్నారు. నాకు ఆ మాట వినబడింది. మేకులతో తగిలించిన మామూలు తోరణం. ఆరేళ్లు మేకు లేకుండా చేయాలని పడిన కష్టం అది. కుర్చీలోంచి లేచాను.

"మేకుల్లేవు సార్. అది నాదే. ఇదే ముడి. సూడండి, నా పేరుండాది, తేదీ గూడా ఉండాది. అందరికన్నా ముందు నేనే చేసినా."

సాక్ష్యం చెబుతున్నాననుకున్నాను. భూమి కాగితాల్లో ఎవరి తేదీ ముందుంటే భూమి వాళ్లదే. ఇదీ అంతే అనుకున్నాను. హరీష్ గారు తల దించుకున్నారు. అధికారి ఒక వాక్యం రాశారు. "సరేనమ్మా, రాసుకున్నాను," అన్నారు. నేను ఆయనకు దండం పెట్టాను.

ఆగస్టు 22, శుక్రవారం, తీర్పు వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. దరఖాస్తు తేదీకి ముందే నలుగురూ చూసేచోట పెట్టిన వస్తువు కొత్తది కాదట. ఆ వస్తువు ఇదేనని దరఖాస్తుదారే స్వయంగా ఒప్పుకున్నారని రాశారు. హరీష్ గారు ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించారు. ఇక ఎవరైనా దాన్ని చేసుకోవచ్చు, నాదని నేను అడ్డుపడలేను. నేను చేసినట్టు నా పేరు, తేదీ ఉన్నాయి కాబట్టే అది నాది కాకుండా పోయింది.

ఆ రోజు నుంచి కుచ్చులు కట్టలేదు. చీర ముందేసుకుంటే వేళ్లు కదలలేదు. "పోనీలే, మన పని మనకుండాది గదా," అన్నాడు నా భర్త. ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం ఇల్లంతా బోసిగా కనిపించింది.

సెప్టెంబరు 11న ఉదయం 8 గంటల 15 నిమిషాల బస్సుకు ధర్మవరంలో ఎక్కాను. పెనుకొండలో దిగి ఆటోలో 10 గంటల 30 నిమిషాలకు ఎర్రగుట్టపల్లి చేరాను. సంచిలో ఒక బ్లేడు, ఒక సీసాలో థిన్నరు ఉన్నాయి. పేరు, తేదీ చెరిపేసి తోరణాన్ని మళ్లీ అక్కడే పెట్టాలనుకున్నాను. దొంగతనం చేయాలనుకోలేదు. మందిరం అరుగు మీద ఊళ్లో ముసలామె రామక్క వేరుశెనక్కాయలు వలుస్తోంది. ఆమె స్టూలు మీదే ఎక్కాను.

"ఏం ఉలిగమ్మా, కడిగేకి తీస్తాండావా?" అని అడిగింది.

"ఊ, అవ్వా," అన్నాను. అది అబద్ధం. అదీ రాయండి.

పక్క దారం లాగాను. తోరణం చేతిలోకి వచ్చింది. మూడేళ్ల అయిదు నెలలు ఎండకు ఎండింది, వానకు తడిసింది. గోడకు చుక్క మచ్చ లేదు. అరచేత్తో తడిమి చూశాను. నున్నగా ఉంది. దాన్ని చూపించడానికి రామక్క తప్ప ఎవరూ లేరు. ఆమె కాయల వైపు చూస్తోంది.

కొళాయి దగ్గర కూర్చుని బ్లేడుతో గీకాను. థిన్నరు పోశాను. పట్టు రంగు కారిపోయింది, ఆకు వంకరపోయింది. పేరు పోలేదు. తిరుపాల్ ఏ పెయింటు వేశాడో కాని, తేదీలో ఒక్క సున్నా కూడా చెదరలేదు. అలాంటిదాన్ని మళ్లీ దేవుడి గుమ్మానికి పెట్టలేక సంచిలో వేసుకున్నాను.

అక్కడి నుంచి హిందూపురం పోయాను. 1 గంట 50 నిమిషాలకు హరీష్ గారి ఆఫీసులో ఉన్నాను. ఆయన అన్నం తింటున్నారు.

"సార్, ఇప్పుడు ఆడ ల్యాదు. తీసేసినా. మల్లా రాయండి," అన్నాను.

ఆయన తినడం ఆపి చేయి కడుక్కుని వచ్చారు. ఫోనులో ఆ వీడియో పెట్టి నా చేతికిచ్చారు. శంకరప్ప మామ తాళాలు వేస్తూ పాడుతున్నాడు. ఆయన తలపైన తోరణం వేలాడుతోంది. "గోడ మీద తీస్తే ఏమొస్తాదక్కా? ఈడుండాది గదా," అన్నారు. వీడియో మళ్లీ పెట్టమని అడిగాను. ఒకచోట నేనూ కనిపిస్తాను. అందరూ దేవుడి వైపు చూస్తున్నారు. నేను తోరణం వైపు చూస్తున్నాను.

12న శంకరప్ప, మందిరం కమిటీవాళ్లు తోరణం పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. 13న పోలీసులు మా ఇంటికి వస్తే తోరణాన్ని నేనే తెచ్చి ఇచ్చాను. వాళ్లు మందిరానికి పోయి పంచనామా రాశారు. గోడకు మేకు రంధ్రం గాని, జిగురు గాని, ఏ విధమైన గుర్తు గాని లేదని, తోరణం ఎక్కడ ఉండేదో చెప్పడం వీలు కాలేదని అందులో ఉంది. ఆ ముక్కను మూడుసార్లు చదివించుకున్నాను. మచ్చ పడదని నేను పేటెంట్ ఆఫీసుకు రాసుకున్నాను. అక్కడ ఎవరూ దాన్ని పరీక్షించలేదు. కళ్లతో చూసి, నిజమేనని ప్రభుత్వం వాళ్లు రాసిన కాగితం ఇదొక్కటే. దొంగతనం కేసులో ఉంది.

గోడకు గుర్తు లేదు కాబట్టి అది తనంతట తానే ఊడి కిందపడిందని, పడినదాన్ని బాగు చేయడానికి తీసుకుపోయానని చెబితే కేసు ఉండదని వకీలు చెప్పారు. నా భర్త బతిమాలాడు. ఈ రోజు ఉదయం కోర్టు బయట శంకరప్ప మామ కూడా వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "అట్లే చెప్పమ్మా. నేనూ అట్లే చెప్తా. నువ్వు జైలుకు పోయేది నేను సూడలేను," అని ఏడ్చాడు. ఆయన మీద నాకు కోపం లేదు.

కాని అది ఊడిపడదు. ఊడిపడదు కాబట్టే అంత కాలం పట్టింది. ఊడిపడిందని నేను చెప్పను. అది నాది కాదని ఒక ఆఫీసు రాసింది, సరే. అది నిలవదని నా నోటితో నేను చెబితే ఇక నాకు మిగిలేది ఏమీ లేదు. దారం లాగి నేనే తీశాను.

దీన్ని నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, చేర్చింది లేదు, వదిలేసింది లేదు. కింద పేరు రాసి తేదీ వేయమన్నారు. పేరు రాస్తాను, తేదీ వద్దని అడిగాను. రెండూ ఉండాలన్నారు. వేశాను.

(సంతకం)
కె. ఉలిగమ్మ
15-09-2025