మారెమ్మకు పీటేసిన తిప్పక్క

తిప్పక్కని ఒకామె ఉండేదంట గువ్వలకోనలో. మేకలోళ్ళ ఆడమనిషి. మొగుడు పోయి చాన్నాళ్ళయింది, కొడుకు ఓబన్న కరువుకు తాళలేక మేకల్ని తోలుకోని గుట్ట అవతలికి పోయినాడు, యాడుండాడో ఏమో తెలీదు. ఇంగ ఇంట్లో ఉండేది తిప్పక్కా, ఆమె కోడలు కదిరమ్మా, ఇద్దరే అనుకో. గువ్వలకోన యాడుండాదంటారా? చెప్తా ఉండండి, కత అంతా ఆ దారిమీదనే నడిచేది. మా ఫిర్కా, అంటే ఈ అయిదూళ్ళూ కలిపి, ఒక చేట మాదిరి ఉంటాది. మూడుపక్కలా గుట్టలు, ఒక పక్క తెరుపు. ఆ తెరుపులోనుంచి ఒకే ఒక బండిదారి లోపలికొస్తాది. దారి మొదట్లో బురుజుపల్లె. ఆడ పాలెగాని బురుజు ఉండేదంట. ఇప్పుడు పోయి చూస్తే ఒక్క రాయి లేదు, అన్నీ పీక్కోనొచ్చి గొడ్లపాకలకు పెట్టుకున్నారు. అయినా గూడా నోరు తెరిస్తే మా బురుజు, మా ఫిరంగి అంటారు వాళ్ళు. దాని తర్వాత బండమీదపల్లె. పేరుకు తగినట్టు ఊరు ఊరంతా బండమీదనే, పెండ్లి పందిరికి గుంజ పాతాలన్నా గుంత పడదు, రాళ్ళు పేర్చి నిలబెట్టుకుంటారు. ఆ ఊరోళ్ళ నోరు గూడా అంతే గట్టి. ఆపైన చెలమలపల్లె. వంకలో ఇసక తోడి, చెలమ చేసి, ఊరేదాకా కూచోని చెంబుతో నీళ్ళు పట్టుకునేవాళ్ళు, అందుకని వాళ్ళకు ఓపిక జాస్తి, మాట తక్కువ. ఆపైన సున్నపుగుట్ట. సున్నం కాల్చేవాళ్ళు, ఆడ కుక్కలు గూడా తెల్లగానే ఉంటాయి. దాని తర్వాత దారి సన్నబడి సన్నబడి గువ్వలకోనలో ఐపోతాది. ముందర నిట్టనిలువు గుట్ట. మేకలెక్కుతాయి గానీ బండెక్కదు. కరణం గూడా ఆడికి పోయేవాడు కాదంట, సున్నపుగుట్టలో మంచమేసుకోని కూచోని, కోనలో ఏం పండింది అని అడిగి రాసుకోని పోయేవాడంట.

ఆ ఏడు ఏమైందంటే, వాన చుక్క పడలేదు. రాగుల్లేవు, కొర్రల్లేవు, చెట్లకు ఆకు గూడా లేదు. దానికి తోడు బురుజుపల్లెలో వాంతులూ భేదులూ అందుకున్నాయి. పొద్దున మాట్లాడిన మనిషి మాపుటికి లేడు. మారెమ్మ దిగిందిరా అనుకున్నారు. ఇప్పుడైతే సూదేస్తారు, సెలైను పెడతారు. అప్పుడేముంది? మారెమ్మను పొలిమేర దాటించి సాగనంపడమే. బురుజుపల్లెకు కొండారెడ్డి పెద్ద. ఆయన ముందర నిలబడి వేపమానుతో మారెమ్మ బొమ్మ చెక్కించి, మనుషులు లాగే చిన్న బండి చేయించి, దాంట్లో అమ్మను కూచోబెట్టినారు. చీర పెట్టినారు, గాజులు పెట్టినారు, బియ్యం, బెల్లం, కాళ్ళు కట్టిన కోడిపెట్ట. తినను తిండిలేని కాలంలో ఇదంతా యాడిదంటే, ఇంటింటికీ అడుగూ బొడుగూ ఊడ్చి తెచ్చింది. తల్లికి కోపం రాగూడదు గదా. పలకలు కొట్టుకుంటా పోయి, బండమీదపల్లె పొలిమేరలో బండి వదిలిపెట్టి, యెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసినారు.

బండమీదపల్లెవాళ్ళు చూసినారు. తమ పొలిమేరలో మారెమ్మ ఉంటే ఎవరికి నిద్రపడతాది? ఉండనిస్తే ఊరు మిగలదు, ఉత్త చేతుల్తో పంపిస్తే అమ్మకు కోపం. వాళ్ళూ ఒక చీర, వాళ్ళూ ఒక కోడి, బండి ఇరుసు విరిగితే కొత్త ఇరుసు వేసి, చెలమలపల్లె పొలిమేరకు తోసినారు. చెలమలపల్లెవాళ్ళు మాట్లాడకుండా వాళ్ళ నెయ్యి పెట్టి, ఇసకలో చక్రాలు దిగబడితే బండిని భుజాన మోసి, సున్నపుగుట్ట పొలిమేరలో దించినారు. చూసినారా, బండి ముందుకు పోయేకొద్దీ బరువవుతా ఉండాది. ఫిర్కాలో ఉండే మంచి వస్తువంతా దాంట్లోకే ఎక్కుతా ఉండాది. ఒక్కరికన్నా, ఈ దారి యాడికి పోతాది, చివర్లో ఎవరుండారు అని తోచలేదు. కాదులే, తోచింది. సున్నపుగుట్టలో ఒక ముసలామె అనిందంట, కోనలో తిప్పక్క ఉండాది గదప్పా, కోడలు మొన్ననే నీళ్ళాడింది, ఇంట్లో పసిబిడ్డ అని. దానికి సున్నపుగుట్టోళ్ళు, ఒక్క కొంపకోసం ఊరంతా చావమంటావా అన్నారంట. పట్టపగలే బండిని తీసుకోనిపోయి కోన మొగదల్లో వదిలేసి వచ్చేసినారు.

ఇక్కడ తిప్పక్క సంగతి చెప్పాల. కదిరమ్మకు ఆడబిడ్డ పుట్టింది. పుట్టడమైతే పుట్టింది గానీ, తల్లికి పాలు పడలేదు. యాడ పడతాయి? బాలింతకు కారమూ కూడూ పెట్టాల్సిన రోజుల్లో, తిప్పక్క తుమ్మి చిగురు ఉడకబెట్టి ఆ నీళ్ళు తాగిస్తా ఉండాది. బిడ్డ ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయింది, నోరు తెరుస్తాది గానీ శబ్దం రాదు. ఏడుపు వినిపించినన్నాళ్ళు తిప్పక్కకు ధైర్యం ఉండింది, అది ఆగినాక భయం పట్టుకుంది. ఆకన్నా దొరుకుతాదేమోనని కోన మొగదల దాకా వచ్చింది. వచ్చి చూస్తే ఏముంది? మారెమ్మ బండి. ఎర్రచీర, పచ్చచీర, కోళ్ళు, బియ్యం మూట, బెల్లం గడ్డలు, నెయ్యి ముంత.

అదేమిటో ఆమెకు తెలీదా. ఇంట్లో పచ్చి బాలింత, పసిగుడ్డు. మొదట ఏమనుకున్నాదంటే, యెనక్కి తోసేద్దాం సున్నపుగుట్టకే అని కాడి పట్టుకుంది. పట్టుకోని రెండడుగులు లాగింది గూడా. లాగతా ఉంటే సున్నపుగుట్ట పిల్లోళ్ళు గుర్తొచ్చినారంట, మేకలుండినప్పుడు మేకపిల్లల్ని చూసేదానికి కోనకొచ్చేవాళ్ళు వాళ్ళు. వదిలేసింది. ముందుకు తోద్దామా అంటే ముందర గుట్ట. అట్లే నేలమీద కూలబడి, బొమ్మ మొగంలోకి చూసి మాట్లాడింది. "ఏమమ్మా, అందరూ నిన్ను తోసేదానికి వాళ్ళకు ముందర ఒక ఊరుండాది. నాకు యెవరుండారు చెప్పు. నిన్ను యాడికని తొయ్యాల నేను? ఇంతదూరం వచ్చినావే, ఒక్క ఊర్లోనన్నా నిన్ను దిగి కూచో అన్నారా, నీళ్ళు తాగుతావా అని అడిగినారా? చుట్టం వాకిట్లోకి వస్తే కుక్కను తోలినట్టు తోలినారు. ఇంగ కోపం రాకేం చేస్తాది నీకు." అట్ల మాట్లాడతా మాట్లాడతా ఏడిచింది. ఎవరికోసం ఏడిచిందో ఆమెకే తెలీలేదు, మారెమ్మకోసమో, ఇంట్లో ఉండే ఆ ఇద్దరికోసమో. ఆపైన కొంగుతో మొగం తుడుచుకోని, బండి కాడి ఎత్తి, కోన లోపలికి లాక్కోనిపోయింది.

కదిరమ్మ చూసి గోడకు ఒత్తుకోని, బిడ్డను కడుపులో దాచిపెట్టుకుంది. "అత్తా, ఏం పని చేసినావు అత్తా. దాన్ని ఇంటికి తెచ్చేదా" అనింది. తిప్పక్క, "అది అనొద్దే అమ్మీ, ఆమె అను. చుట్టం" అనింది. "మనిద్దరం పోయినా పర్వాలేదు, బిడ్డ అత్తా" అనింది కదిరమ్మ. దానికి తిప్పక్క ఏమనిందంటే, "బిడ్డ ఎట్లా పోతా ఉండాదే. నువ్వు చూస్తానే ఉండావు గదా. ఆకలితో పోయేదాన్ని నా కళ్ళారా చూస్తా కూచోలేను. ఈమె తినమంటే బతుకుతారు, వద్దంటే నా చేత్తో నేనే చంపుకున్నదాన్నయితా. ఆ పాపం నాదే, నీది కాదు" అనింది.

ఇంగ ఆమె పద్ధతి చూడండి. గబగబా మూటలు విప్పి పొయ్యిమీద పెట్టలేదు. మొదట చెంబుతో నీళ్ళు తెచ్చి మారెమ్మ కాళ్ళు కడిగింది. ఇంట్లో ఉండే ఒకే ఒక పీట వాల్చి దానిమీద కూచోబెట్టింది. బియ్యం చెరిగి అన్నం వండి, కోడిని కోసి మిరియం కారం పెట్టి కూర చేసి, విస్తరాకులో మొదట మారెమ్మకు వడ్డించింది. "తిను తల్లీ, దారిలో ఎవరూ పెట్టి ఉండరు" అని కాసేపు అట్లే ఎదురుగా కూచుంది, మనింటికొచ్చిన ఆడబిడ్డకు పెట్టి కూచుంటామే, అట్ల. ఆపైన, "నీ ఆకులోది నా కోడలికి పెడతా ఉండా, అది గూడా నీ బిడ్డే" అని చెప్పి, అదే ఆకు ఎత్తి కదిరమ్మ ముందర పెట్టింది. కదిరమ్మ వణుక్కుంటా మొదటి ముద్ద తినింది. రెండో ముద్దకు వణుకు తగ్గింది. ఆకలి ముందర భయం ఎంతసేపు నిలబడతాది. మారెమ్మ పచ్చచీరను అడిగి తీసుకోని బిడ్డకు ఉయ్యాల కట్టింది తిప్పక్క. తెల్లారి పొద్దెక్కినాక కదిరమ్మ రొమ్ములో సలుపు పుట్టింది. బిడ్డ నోరు పెట్టింది. గుటక వేసిన శబ్దం విని తిప్పక్క వాకిట్లోకి పోయి కూచోని కడుపారా ఏడిచింది.

కొన్నాళ్ళకు వాన పడింది. జబ్బు గూడా తగ్గిపోయింది. మేం తోసినందుకే పోయింది అని ఎవరి ఊర్లో వాళ్ళు మీసాలు దువ్వుకుంటా ఉండారు. అప్పుడు సున్నపుగుట్ట గంగన్న కట్టెలకు కోనలోకి పోయినాడు. పోయి చూస్తే వాకిట్లో పీటమీద మారెమ్మ, మొగాన ఇంత కుంకం బొట్టు. ఆమె పక్కనే ఆమె చీర ఉయ్యాల, దాంట్లో బిడ్డ కాళ్ళాడిస్తా ఉండాది. వాడు కట్టెలు గూడా మరిచిపోయి పరిగెత్తినాడు. బండి వచ్చిన దారిలోనే కబురు యెనక్కి పోయింది. మొదట అందరూ, అమ్మ సొమ్ము తినింది, కోనలోనుంచి తరమాల అన్నారు. కాసేపటికి ఎవరో అన్నారు, తరమడం ఏందప్పా, అమ్మ ఆమెను చల్లగా చూసింది గదా, మనల్ని చూడలేదు, ఆ అమ్మ మనూర్లో ఉంటే మనకే గదా మేలు అని. ఇంగ చూడండి. ఏ అమ్మను పొలిమేర దాటించేదాకా కూడు తినలేదో, ఆ అమ్మ మాదంటే మాది అని నాలుగూళ్ళూ పలకలు కొట్టుకుంటా కోనకు బయల్దేరినాయి. ఫిర్కా పుట్టినాక అంతమంది కోనలోకి పోవడం అదే మొదలు.

తిప్పక్క బిడ్డను చంకనేసుకోని నిలబడి వింటా ఉండాది. కొండారెడ్డి, "మా వేపమాను, మా వడ్రంగి చెక్కినాడు, మా దేవర" అన్నాడు. బండమీదపల్లెవాళ్ళు, "ఇరుసు మాది" అన్నారు. చెలమలపల్లెవాళ్ళు గూడా ఆ పొద్దు నోరు తెరిచినారు, "భుజాలు కాయలు కాసేట్టు మోసినాం" అన్నారు. సున్నపుగుట్టోళ్ళు, "ఈడిదాకా తెచ్చింది మేము గాదా" అన్నారు. తిప్పక్క అంతా విని, "తీసకపోండప్పా. అమ్మ ఒకరి సొత్తా. మళ్ళా జబ్బొస్తే గూడా ఇంట్లో నుంచి పొమ్మనము అని ఆమె పాదాలు పట్టుకోని చెప్పి, ఎత్తుకోండి" అనింది. అంతే. పలకలు ఆగిపోయినాయి. ముందర ఉండేవాడు పక్కకు, పక్కన ఉండేవాడు యెనక్కి. చెయ్యి ముందుకు రాలేదు ఒక్కరికీ.

కొండారెడ్డి మాత్రం కదల్లేదు. "నీకు అంత ధైర్యం ఎట్లొచ్చింది తిప్పక్కా" అని అడిగినాడు. "ధైర్యం యాడిది రెడ్డీ, కోడలికి ఆకలి. బాలింత ఆకలి. బండిలో బియ్యముండె, వండి పెట్టినా" అనింది. ఆ మాటకు కొండారెడ్డి తలపాగా తీసి చేత్తో పట్టుకోని అట్లే నేలమీద కూచున్నాడంట. "మా చిన్నకోడలు గూడా బాలింతే తిప్పక్కా. జబ్బు రాలేదు ఆమెకు. మా ఇంట్లో ఉండే ఆకరి బియ్యం, గాదె అడుగుది, బండికెత్తినా. ఊరికి పెద్దను గదా, నా చెయ్యే ముందుండాల అనుకుంటి. ఆమెకు గంజి గూడా లేకపోయె. తల్లీ పోయింది, బిడ్డా పోయింది. జబ్బుతో పోయినారని అందరికీ చెప్పినా" అన్నాడు. అంత పెద్దమనిషి, నాలుగూళ్ళ జనం ముందర, మేకలోళ్ళ వాకిట్లో కూచోని ఏడిస్తే ఎట్లుంటాది. తిప్పక్క దగ్గరికొచ్చి, "మీ బియ్యమే రెడ్డీ నా కోడలు తినింది" అని, చంకలో ఉండే బిడ్డను ఆయన ఒడిలో పెట్టింది. ఆయన బిడ్డను రెండు చేతుల్లో పట్టుకోని, యెనక్కి ఇయ్యడం చేతగాక చానాసేపు అట్లే కూచున్నాడంట.

అప్పటినుంచి మా ఫిర్కాలో మారెమ్మను సాగనంపడం లేదప్పా. తొలి వాన పడినాక బండి గువ్వలకోనలోనుంచి బయల్దేరుతాది, ఒట్టి బండి, దాంట్లో అమ్మ ఒక్కతే. ప్రతి ఊర్లోనూ దిగుతాది. పీటేసి కూచోబెట్టి అన్నం పెట్టాల. ఆ ఆకు మొదట ఊర్లో బాలింత ఎవరుంటే ఆమెకు. పెద్దరెడ్డి అయినా సరే, పూజారయినా సరే, ఆమె తిని చెయ్యి కడుక్కున్నాకే చెయ్యి పెట్టాల. నేను పుట్టినప్పుడు మా అమ్మ గూడా తినిందంట ఆ కూడు, లేకుంటే ఈ కత చెప్పను నేనుంటానా, వినను మీరుంటారా. బురుజుపల్లెవాళ్ళు మాత్రం ఇప్పటికీ మీసం తిప్పి, గువ్వలకోనకు మారెమ్మను పంపించింది మేమే అంటారు. నిజమే గదా, పంపించింది వాళ్ళే.