శాంతోస్ రేవులో ఫెజ్వాద

"రాజ్మానా?" అన్నాడు జనార్ధనరావు, టీ గ్లాసు బల్లమీద టక్కున పెట్టి. "గోపీకృష్ణా, ఇంకోసారి ఆ మాటన్నావంటే నీ మొహం చూడను. ఫెజ్వాదని పట్టుకుని రాజ్మా అంటావా? రేపు పులిహోరని ఫ్రైడ్ రైస్ అంటావు."

దేశంకాని దేశంలో, చోవా చూ కాంగ్ అనే పేటలో వాళ్ళ బ్లాకు కింది కాఫీ షాపు అది, ఆదివారం పొద్దుట. పై అంతస్తులో ఉండే గోపీకృష్ణ నోరు జారి దొరికిపోయాడు. "చిక్కుడు గింజలూ మాంసమూ కలిపి ఉడికించేదేగా అంకుల్, అందుకని అన్నా," అని నసిగాడు.

ఎదురుగా జనార్ధనరావు మనవరాలు అనన్య నోట్‌బుక్ తెరుచుకుని కూచుంది. బళ్ళో ప్రతి పిల్లా తన ఇంట్లో ఎవరో వండిన వంట గురించి, వండినవాళ్ళ పేరుతో సహా రాసుకురావాలి. అన్నీ కలిపి పుస్తకంగా కుడతారు. పై గీతమీద ఆ పిల్ల అప్పుడే తాతయ్య పేరు రాసేసింది.

ఆ పేరునే చూస్తూ కూచుంది జనార్ధనరావు చెల్లెలు తారాదేవి. ఆ వంట వండింది చిన్నన్నయ్య కాదు. సరుకుల ఓడలో వంటవాడిగా ఇరవైరెండేళ్ళు దేశాలు తిరిగిన పెద్దన్నయ్య పరంధామయ్య. ఆయనకి పెళ్ళాం పిల్లలు లేరు, పోయి తొమ్మిదేళ్ళయింది. తిథినాడు దేవుడి ముందు ఆ పేరు తలుచుకునే మనిషి తనొక్కతే. పుస్తకంలో నిలిచే అదృష్టం ఇన్నాళ్ళకి ఆ పేరుకి పట్టబోతుంటే చిన్నన్నయ్య నోట్లో వేసుకుంటున్నాడు. ఆవిడ గొంతు పెంచి ఎరగదు. లోపల మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

"రాసుకో అమ్మడూ," అన్నాడు జనార్ధనరావు. "బ్రెజిల్లో శాంతోస్ అని రేవుంది. మా ఓడ అక్కడ ఆగింది. వంటవాడు ఫెజ్వాద వండుతుంటే గరిటెడు రుచి చూసి, ఉప్పు చాలలేదయ్యా అన్నా. అంతే అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు గరిటె నా చేతిలో పెట్టి, మీరే వండండి గురువుగారూ అని కాళ్ళమీద పడ్డాడు."

"ఏ భాషలో అంకుల్?"

"కాళ్ళమీద పడ్డానికి భాషేవిటయ్యా, మధ్యలో రాకు. నల్ల గింజలు ముందురోజే నానేశా, ఎండుమాంసం ఉప్పు దిగేదాకా నాలుగు నీళ్ళు మార్చా, పంది పక్కటెముకలూ చెవులూ తోకా సాసేజీలూ, దేని వేళకి దాన్ని వేసి సన్నసెగన పెట్టా. ఓడలో ఉన్నది పాతికమందే, కానీ వాసన రేవంతా కొట్టిందా, నలభై ఓడలవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేశారు. క్రేన్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, నడిపేవాడు దిగొచ్చి వరసలో నిలబడితే ఇంక నడిపేదెవరు? గుండిగ చాల్లేదు. అప్పుడేం చేశాననుకున్నావ్?"

"తాతా, స్లో లా, రాసుకోవాలి," అంది అనన్య అక్కడి పిల్లల యాసలో.

"ఓడ నీళ్ళ ట్యాంకు కడిగించి అందులో వండా. కలపడానికి గరిటేదీ? లంగరు దింపి కలిపించా."

తారాదేవి కళ్ళు మూసుకుంది. లంగరు మాట పెద్దన్నయ్య ఉత్తరంలోది. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ ఒళ్ళో కూచుని విన్నది. ఆఖరికి దాన్నీ వదల్లేదు ఈ మనిషి.

"ఆ బరువుకి ఓడ రెండడుగులు దిగింది. ఊళ్ళో డెబ్భైవేలమంది ఫుట్‌బాల్ ఆట వదిలేసి వచ్చారు, రెఫరీ అయితే నోట్లో విజిలుతోనే. గవర్నరు నా చెయ్యి పట్టుకుని, మా వంట మాకే నేర్పారు, ఈ ఊరికి మీ పేరు పెడతాం అన్నాడు. నేనే వద్దన్నా."

"ఎందుకు వద్దన్నారంకుల్?"

"ఇంట్లో మాట చెప్పకుండా ఊరికి పేరు పెట్టించుకుంటే బావుంటుందా?"

అనన్య పేజీ తిప్పింది. "ఏ రోజు తింటారు తాతా? ఇక్కడ కొశ్చన్ ఉంది."

"శనివారం మధ్యాహ్నం. అక్కడ హోటళ్ళలో శనివారం అంటే ఫెజ్వాదే. తెల్లన్నం, ఆకుకూర వేపుడు, వేయించిన కర్రపెండలం పిండి, పక్కన నారింజ ముక్కలు. ఆ శనివారం నేనొక్కణ్ణే ఏడు గిన్నెలు లాగించా."

"శనివారమా అన్నయ్యా?" అంది తారాదేవి మెల్లిగా.

"శనివారమే. ఎనిమిదోది మర్యాదకి వదిలేశా."

"పదకొండో ఏట మొక్కుకున్నది మొదలు ఒక్క శనివారం నీచు ముట్టలేదని, వెంకటేశ్వరస్వామి సాక్షి అని, నిన్ననేగా వీళ్ళింట్లో చెప్పావు. కేకులో గుడ్డుందని పళ్ళెం వెనక్కి తోశావు."

"గంటసేపు చెప్పారంకుల్," అన్నాడు గోపీకృష్ణ. "మా ఆవిడ గుడ్డు లేకుండా మళ్ళీ ఇంకో కేకు చేసింది."

"సముద్రం మీద వారాలు వేరు..." అని మొదలుపెట్టాడు జనార్ధనరావు. చెల్లెలి మొహం చూసి ఆగిపోయాడు. ఫెజ్వాద నిలబెట్టుకుంటే మొక్కు పోతుంది. స్వామిని సాక్షిగా పిలిచి అన్నమాటని కాదనడం ఆయనవల్ల కాదు.

"నా పేరు కొట్టెయ్యమ్మా," అన్నాడు చివరికి. "పరంధామయ్య అని రాయి. మా అన్నయ్య."

"మరి నువ్వు షిప్‌లో లేవా తాతా?"

"విశాఖపట్నంలో ఉన్నా. అన్నయ్య ఉత్తరాలు మా అమ్మకి చదివి పెట్టేవాణ్ణి, ఆవిడకి చదువు రాదు. ఆయన రాసేది మూడు ముక్కలు. శాంతోస్ చేరాం, ఫెజ్వాద వండాను, కులాసా. అంతేనా అని అమ్మ నా మొహంలోకి చూసేది. ఆ చూపు చూడలేక మిగతాది నేను కలిపేవాణ్ణి."

తారాదేవి నాలుగు పేజీల ఉత్తరాలనుకుంది ఇన్నేళ్ళూ. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం, మళ్ళీ చదవరా అనడం గుర్తొచ్చాయి.

అనన్య పాతపేరు కొట్టేసి, పెద్దతాత పేరు కుదురుగా రాసింది. తారాదేవి ఆ గీత కింద వేలు పెట్టింది.

"ఇక్కడ, చెప్పినవారు జనార్ధనరావు అని రాయి తల్లీ," అంది.