చివరి అంకె చెరిపిన తరువాత

అధ్యక్షస్థానంలో ఉన్న మా హెడ్మాస్టరు దివాకర్ గారికి, యాడికి ఊరి పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్న పిల్లలకు, మొదటి బెంచీలో కూర్చుని నా వైపు చూడకుండా ఉన్న మా ఇంటామె హనుమంతమ్మకు నమస్కారాలు.

యాభై ఎనిమిదికి ఇంటికి పంపాల్సిన మమ్మల్ని సర్కారు ఈ సంవత్సరం యాభై అయిదుకే పంపిస్తోంది. అందుకని ఈ శాలువా మూడేండ్లు ముందుగానే నా భుజం మీదికొచ్చింది. బాగుంది గానీ, ఈ ఎండలో కప్పుకునేదే కష్టం. (నవ్వులు) తెలుగు మాస్టరు గంగాధరప్పా, నవ్వొద్దు, వచ్చే ఏడు నీ వంతే!

లెక్కల మాస్టర్ని కాబట్టి ఒక లెక్క చెప్పి దిగుతాను. బోర్డు మీద రాసినాను, చూడండి: 73939133. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితో భాగించినా శేషం మిగిలే ప్రధాన సంఖ్య. వింత ఏమంటే, కుడి చివరి అంకె చెరపండి, మిగిలిందీ ప్రధాన సంఖ్యే. మళ్ళా చెరపండి, మళ్ళా అంతే. ఏడు ఒక్కటే మిగిలేదాకా అంతే! ఇట్లాంటి వాటిల్లో ఇదే పెద్దది. చెరపొచ్చు గానీ, కుడి చివర కొత్తగా ఏ అంకె చేర్చినా చెడిపోతుంది. ఒకటి చేర్చండి, అంకెలు కూడితే ముప్పై తొమ్మిది, మూడు వచ్చి మింగేస్తుంది. ఎందుకిట్లా? నాకు తెలీదు. ఆ తెలీకపోవడమే నన్ను ఇన్నేండ్లు ఈ బోర్డు దగ్గర నిలబెట్టింది.

పుస్తకంలో ఉంది కదా అని నేను ఒప్పుకోలేదు. ఎనిమిది వేల ఆరు వందల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూద్దామని ఏటా పదో తరగతికి కొన్ని పంచుతూ వచ్చినాను. అదిగో, వెనక మీసం తిప్పుతున్న ఓబుళేసు, అప్పట్లో "సార్, శేషం సున్నా!" అని అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చినాడు. నా గుండె జారిపోయింది. చూస్తే, తీసివేతలో తప్పు చేసినాడు. వాణ్ణి కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. (నవ్వులు)

ఇంకా మూడేండ్ల భాగహారాలు మిగిలిపోయినాయి. ఉత్తర్వు వచ్చిన పొద్దు నేను అన్నం ముట్టలేదు. జీతం పోతుందని బాధ లేదంటే అబద్ధం. కానీ ఈ పని సగంలో ఆగిపోతుందే అని ఎక్కువ బాధ. రేపట్నుంచి నేను మాస్టర్ని కాదే అని ఇంకా బాధ.

ఎన్నడూ పలక పట్టని మా హనుమంతమ్మ కంచం నా ముందుకు తోసి అనింది: "ఏమయ్యా, చివరి అంకె తీసేసినా దాని గుణం పోదని ఊరంతా చెప్తాంటివే! నీకు మూడేండ్లు తీసేస్తే నీ గుణం యాడికి పోతాది? మన వాకిలి గోడకు నల్లరంగు పూయిస్తా. పిల్లోళ్ళను ఈడికే రమ్మను."

గోడకు నిన్ననే రంగు పడింది, రేపటికి ఆరుతుంది. పిల్లలూ, పలకలు తెచ్చుకోండి. దివాకర్ గారూ, పెద్దలారా, మీ ప్రేమకు కృతజ్ఞుణ్ణి. పోతూ పోతూ ఈ బోర్డు మీద చివరన ఉన్న మూడును నా చేత్తోనే చెరుపుతున్నాను. (డస్టరుతో చెరిపి) మిగిలింది చూడండి. ఇదీ ప్రధాన సంఖ్యే.

సెలవు.