దొర భోజనాల హాల్ల యాభై ఏండ్లు

"నానమ్మా, నాంపల్లి బంగ్లాల మొన్న ఏమైందో జర నువ్వే చెప్పు, ఫోన్ల రికార్డు పెడుతున్న."

పెట్టు బిడ్డా. చెప్త ఇను. మనముండే గా బంగ్లా కట్టింది స్కాట్లాండు దొర గదా. యవుసం జేసే వాళ్ల నాయిన ఇల్లు ఊర్ల ఎట్లుంటదో అచ్చం గట్లనే కట్టించిండు. రాతి గోడలు, ఎంత మందమంటవ్, గోడ మీద మంచమేసుకొని ఇద్దరు పండొచ్చు. కిటికీలేమో పిల్లి దూరేటంత. కప్పు నిటారుగ, మంచు పడితే జారిపోవాలెనట. నాంపల్లిల మంచు. కోతులు జారంగ సూసిన గని మంచు జారంగ సూడలే. రెండు దిక్కుల పొగగొట్టాలు, సుట్టు రాళ్ల ప్రహరి, నడుమ బండలు పరిచిన వాకిలి. కప్పెక్కితే అబిడ్స్ పోస్టాఫీసే కాదు, సముద్రం గూడ కనిపిస్తదని చెప్పుకునేదాన్ని.

గా ఇంటి చివర పొడుగు గది మనది, కిరాయికి. నేను పెండ్లయి వచ్చిన్నాడే మా అత్త చెప్పింది, ఇది దొర భోజనాల హాలు, నూరుమంది కూసొని తినేటోళ్లని. నూరుమందిని తర్వాత నేను మూడొందలు చేసిన, అది వేరే ముచ్చట. నడిమిట్ల బండలల్ల పొడుగు కాలువ లేదూ, అది తిన్నకాడనే చేతులు కడుక్కునేటందుకట. గోడలకు వరుసగ ఇనుప కడియాలు. దీపాలు కట్టేటియి అన్నది. నడుమెత్తుల దీపాలేంది అత్తా అంటే, దొరల రివాజు అన్నది. మీ నాయిన అల్లరి చేస్తే గవ్విటికే చీరకొంగుతోటి కట్టేసేదాన్ని.

మా తోటికోడలు సత్తెమ్మ చాదర్‌ఘాట్‌ల మూడంతస్తులు కట్టుకున్నది. అయినా నేను తగ్గలే. "నీది నిన్నటి సిమెంటు, నేను దొరలు తిన్నకాడ తింటున్న" అని యాభై ఏండ్లు అన్న. దాని మొకం మాడిపోయేది. గా సుఖం నీకు తెల్వదు.

ఇగ మొన్న. బంగ్లా కొన్నాయన పెద్దిల్లు ఉంచి హోటల్ జేస్తడట. మన గది మాత్రం కిరాయిదార్లు తర్వాత అతికించిన వంటిల్లని, కూలగొడతానని సర్కారుకు కాయితం పెట్టిండు. దొర కట్టిన పాత ముక్కను కూలగొట్టొద్దని కాయిదా ఉన్నదట, అందుకే సూడనీకి సర్కారు సారు వచ్చిండు. సత్తెమ్మ గూడ వచ్చింది, తమాష సూడనీకి. గప్పుడే గదా నువ్వు నన్ను పక్కకు తీసుకపోయి, కాలేజీల నువ్వు చదివే స్కాట్లాండు ఇండ్ల నక్ష చూపెట్టి, మెల్లగ అన్నవ్: "నానమ్మా, ఇది పశువుల కొట్టం. వాళ్ల దేశంల చలికి ఆవులను ఇంటికి ఆనించే కడతరు. కడియాలు పలుపులకు, కాలువ పేడ, మూత్రం పోనీకి. హాలంటే సారు నమ్మడు. కొట్టమంటేనే ఇది దొర కట్టిన ముక్కని రుజువైతది, నిలబడతది."

గా కాలువ ఒడ్డునే గదనే నేను యాభై ఏండ్లు బియ్యం కడిగింది. సకినాలు ఆరబెట్టింది.

సారు అడిగిండు, "అమ్మా, ఈ గది ఏంది?"

నేను నోరు తెరవకముందే సత్తెమ్మ, "దొర భోజనాల హాలు సార్, మా అక్కనే చెప్తది" అన్నది. జిందగీల ఒక్కసారి నా మాట నిజమన్నది, గదీ గప్పుడు.

హాలంటే గది పోతది. కొట్టమంటే సత్తెమ్మ ముంగట నేను పోత.

సత్తెమ్మ దిక్కు సూడకుండ చెప్పిన, "కొట్టం సారూ. ఆవుల కొట్టం. తాడు రాసుకొని కడియాలు ఎట్ల అరిగినయో సూడుండ్రి." సారు వంగి, పట్టుకొని సూసి, కూలగొట్టొద్దని రాసిండు. బంగ్లా కొన్నాయన మనల ఉండనిస్తడో లేదో అది వేరే ముచ్చట, గోడలైతే ఉంటయ్.

సత్తెమ్మ నవ్వలే బిడ్డా. గదే నాకు భయం. ఇప్పటికే చుట్టాలందరికి ఫోన్లు చేసుంటది. చెయ్యనీ. మామూలు ఆవులు కావు, ఓడల దిగిన విలాయతి ఆవులు, ఒక్కొక్కటి పూటకు బిందెడు పాలు… లేదులే, రెండు బిందెలు… నీ చదువు సల్లగుండ తల్లీ, నూరేండ్లు బతుకు. ఇగ రికార్డు ఆపు, సత్తెమ్మకు ఫోన్ కలుపు.