ఆత్మవిమర్శ ముందు ఎవరిది

ఏంటీ, మీ సంఘం కూడా రెండు ముక్కలైందా? కూర్చో, కూర్చుని చెప్పు. అంత మొహం వేలాడేసుకుని రావాలా తల్లీ, మన ఇంట్లో ఇదేమన్నా కొత్తా? మీ తాత బతికుంటే ఎగిరి గంతేసేవాడు. 'చీలిందంటే ప్రాణం ఉందన్నమాట' అనేవాడు. అవును, మీ అమ్మమ్మ మొగుడే, మా బావ. ఫోటోలో చూశావుగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఎవరిమీదో మండిపడుతున్నట్టు ఉంటాడు. ఎవరిమీదో కాదు, ఆ ఫోటో తీసేవాడి మీదే. పాపం వాడు 'కాస్త నవ్వండి సార్' అన్నాడు. 'ఏం సాధించామని నవ్వమంటావు' అని వాడికి క్లాసు పీకాడు. నేను పక్కనే ఉన్నాను. వాడు కెమెరా మూసుకుని బుద్ధిగా విన్నాడు. మీ తాత మాట మొదలుపెడితే వినకుండా తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు, మా అక్క తరం తప్ప.

నా ప్రెస్సు అప్పుడు మిల్లు వీధి మలుపులో ఉండేది. కింద నేనూ నా కాలితొక్కుడు మెషీనూ, పైన పార్టీ ఆఫీసు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకు. ఒక గది, ఒక కిటికీ, ఎక్కడానికి ఇరుకు మెట్లు, లోపల ఒక ఇనప బీరువా. ఆ బీరువాలో ఏముందో ఎవరికీ తెలీదు, తాళం ఎప్పుడో పోయింది. ఆ గదిని నడిపింది ఇద్దరు, మీ తాతా, మాస్టారూ. మాస్టారంటే బళ్ళో లెక్కలు చెప్పే ఆయన, బట్టతల, మెత్తని గొంతు. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. జైలుకి వెళ్ళినా ఒకే గొడుగు కింద నడిచి వెళ్ళారు. మీ అమ్మమ్మ ఇద్దరికీ కలిపే వండేది. మిల్లులో రెండో షిఫ్టు చేసొచ్చి, నూలు దుమ్ము జుట్టులోంచి దులుపుకుని, ఇద్దరికీ వడ్డించి, ఇద్దరూ ప్రపంచాన్ని మారుస్తుంటే గోడకి జారబడి కునుకు తీసేది.

మరి ఎందుకు చెడింది అంటావా? చెబుతా, నవ్వకు. మిల్లు యజమాని ఏ రకం పెట్టుబడిదారో తేలక చెడింది. ఉండు, అలా చూడకు, నిజంగానే. మీ తాత ఏమో 'వాడు దళారీ, బయటి డబ్బుకి కావలి కుక్క, వాడితో పోరాటమే, ఎన్నికలూ గిన్నికలూ మోసం' అని. మాస్టారేమో ఆ మెత్తని గొంతుతో 'కాదు కామ్రేడ్, ఆయన జాతీయ పెట్టుబడిదారు, ఆయనలో ఇంకా కొంత ప్రగతి మిగిలుంది, ముందు మున్సిపాలిటీ గెలుద్దాం, తర్వాత చూద్దాం' అని. ఆ యజమాని సంగతి నాకు తెలుసు, ఆయన పెళ్ళి శుభలేఖలు నేనే వేశాను. ఆయనకి ఉబ్బసం. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే సాయంత్రం దాకా లేవడు. ఆయనలో ప్రగతి ఎంత మిగిలిందో ఈ ఇద్దరూ ఏడాది పాటు కొలిచారు. చివరికి మహాసభ పెట్టారు, చేతులెత్తించారు, సగం అటూ సగం ఇటూ అయ్యాయి. అంతే, పార్టీ రెండైంది. పేరు మాత్రం ఇద్దరూ వదల్లేదు. ఇద్దరూ అదే పేరు పెట్టుకుని చివర 'అసలు' అని తగిలించుకున్నారు. జనం ఏం పిలవాలో తెలీక మీ తాత వాళ్ళని తొందర పార్టీ అనీ, మాస్టారు వాళ్ళని నిదానం పార్టీ అనీ అనేవాళ్ళు.

గది ఒకటే కదా, అదీ పంచుకోవాలి. బీరువాని జరిపి గది నడిమధ్యన నిలబెట్టారు. మెట్ల వైపు తొందర పార్టీకి, కిటికీ వైపు నిదానం పార్టీకి. బాగానే ఉంది, కానీ కిటికీ వైపు వాళ్ళు లోపలికి వెళ్ళాలంటే ఎలా? మెట్లు ఎక్కితే అవతలి పార్టీ లైను భూభాగంలో అడుగు పెట్టినట్టు. సిద్ధాంతం ఒప్పుకోదు. అందుకని మాస్టారు నిచ్చెన వేయించుకున్నారు. ఆ వయసులో, ఆ పంచెకట్టుతో, సంచి భుజాన వేసుకుని, వీధిలో అందరూ చూస్తుండగా నిచ్చెన ఎక్కి కిటికీలోంచి దూరేవారు. వాళ్ళ బడి పిల్లలు కింద నిలబడి 'పడిపోతారు మాస్టారూ' అని అరుస్తుంటే, ఆయన పైనుంచి 'ఇంటికెళ్ళి ఎక్కాలు చదవండి' అనేవారు. మీ తాత మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తూ అదంతా చూసి, 'చూశావా బామ్మర్దీ, పార్లమెంటరీ మార్గం' అనేవాడు.

నాకు మాత్రం పని పెరిగింది, అబద్ధం చెప్పను. ఇద్దరి కరపత్రాలూ నా దగ్గరికే వచ్చేవి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చాలి అప్పుడు, ఇప్పట్లా మీట నొక్కితే వచ్చేది కాదు. 'వర్గద్రోహి', 'విచ్ఛిన్నకారుడు', 'కార్మికవర్గానికి వెన్నుపోటు' ఇవన్నీ ఇద్దరికీ కావాలి. కూర్చడం, విడదీయడం, మళ్ళీ కూర్చడం దండగ అనిపించి, ఆ మాటల్ని అలాగే దారంతో కట్టి అరలో పెట్టేశాను. పొద్దున వీళ్ళకి వాడి, కడిగి, సాయంత్రం వాళ్ళకి. ఒకసారి మాస్టారు చూసి 'అదేంటయ్యా, మమ్మల్ని తిట్టిన అచ్చుతోనే వాళ్ళనీ తిడుతున్నావా' అన్నారు. 'సీసం మాస్టారూ, దానికి లైను లేదు' అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ రోజుల్లో ఎవరూ నవ్వేవారు కాదు.

సరే, ఎక్కడున్నాం? ఆ, రెండో షిఫ్టు. ఒక శుక్రవారం మిల్లు గేటుకి నోటీసు అంటించారు, వచ్చే నెల నుంచి రెండో షిఫ్టు రద్దని. రెండో షిఫ్టంటే దాదాపు అందరూ ఆడవాళ్ళే, మీ అమ్మమ్మతో సహా. మీ తాత హోల్‌టైమరు కదా, పార్టీ పని తప్ప వేరే ఉద్యోగం లేదు, ఇంట్లో పొయ్యి వెలిగేది మా అక్క జీతంతోనే. శనివారం అక్క ఒక నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని ప్రెస్సుకొచ్చింది. పైకి ఒక కేక వేసింది. అటు మెట్ల మీదా ఇటు కిటికీలోనూ రెండు తలకాయలు. అక్క అంది కదా, 'చూడండి, మా యూనియన్ మీ పుణ్యాన రెండు సగాలైంది. ఒకరు పిలిస్తే సగం మందే ఆగుతారు. సగం ఆగితే మిల్లు ఆగదు. ఇద్దరూ కలిసి సోమవారం సమ్మె అనండి. ఆ ఒక్క మాట చాలు.' ఇందులో అర్థం కానిదేముంది? ఇద్దరికీ అర్థమైంది కూడా. ఇద్దరూ సమ్మె చెయ్యాల్సిందేనన్నారు. నేను ఆ క్షణంలో అనుకున్నాను, హమ్మయ్య, ఒడ్డున పడ్డాం అని.

కానీ పద్ధతి అని ఒకటి ఏడ్చింది కదా వాళ్ళకి. విడిపోయినవాళ్ళు కలవాలంటే ముందు ఆత్మవిమర్శ చేసుకోవాలి. మీ సంఘంలోనూ ఉందా? ఉంటుంది, ఉంటుంది, అది పోదు. ముందు నువ్వు చేసుకో అంటే నువ్వు చేసుకో అని శనివారమంతా గడిచింది. బీరువాకి ఇటునుంచి ఒక చీటీ, అటునుంచి ఒక చీటీ. చివరికి ఆదివారం మధ్యాహ్నం ఒకే సమావేశంలో ఇద్దరూ చేసుకోవాలని ఒప్పందమైంది. నలుగురు పట్టి బీరువాని గోడకి జరిపారు. మాస్టారు ఆరోజు మెట్లెక్కి వచ్చారు, అదే పెద్ద విశేషం. ఆడవాళ్ళందరూ మెట్ల మీద వరసగా కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను, కింద కరపత్రం కూర్చి సిద్ధంగా పెట్టుకుని. వీళ్ళు ఊ అంటే తొక్కడమే తరువాయి.

ముందు మీ తాత లేచాడు. గుండీ సర్దుకున్నాడు. 'కామ్రేడ్స్, నేను ఘోరమైన తప్పు చేశాను' అన్నాడు. నా గుండె కరిగిపోయింది, ఒట్టు. మెట్ల మీద ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడన్నాడు, 'ఈ మనిషి అవకాశవాది అని నేను ఎప్పుడో గుర్తించాల్సింది. స్నేహం నా కళ్ళకి గంతలు కట్టింది. ఆ బలహీనతకి నన్ను నేను తీవ్రంగా విమర్శించుకుంటున్నాను.' అని కూర్చున్నాడు, చాలా నిజాయితీగా, చెమట తుడుచుకుంటూ. తర్వాత మాస్టారు లేచారు. మెత్తగా, బళ్ళో పాఠం చెప్పినట్టు, 'నాదీ తప్పే. ఈయన దుందుడుకుతనాన్ని ఇన్నేళ్ళు సహించాను. ఓర్పు ఒక్కోసారి నేరం. అందుకు నేను సిగ్గుపడుతున్నాను' అన్నారు. చూశావా, ఇద్దరూ తప్పు ఒప్పుకున్నారు, ఎవరూ మాట తప్పలేదు. ఇక మొదలైంది చూడు రభస. దళారీ మళ్ళీ వచ్చాడు, జాతీయ పెట్టుబడిదారు మళ్ళీ వచ్చాడు. ఆ యజమానేమో అప్పుడు ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోతుండి ఉంటాడు.

మా అక్క లేచి గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ గొంతు పెంచదు, నీకు తెలుసుగా. 'రేపు మేం లోపలికి వెళ్ళాలా, బయట ఉండాలా? అది చెప్పండి' అంది. మీ తాత 'సోమవారమే సమ్మె' అన్నాడు. మాస్టారు 'సోమవారం వాళ్ళది, మేం బుధవారం' అన్నారు. అక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. వాళ్ళు బీరువాని మళ్ళీ మధ్యలోకి జరిపారు, ఈసారి మాత్రం ఇద్దరూ కలిసి చెయ్యేశారు.

అలా ఒకే వారంలో రెండు సమ్మెలు జరిగాయి. మిల్లు ఒక్కరోజూ ఆగలేదు. సోమవారం మీ తాత మనుషులు బయట, మాస్టారు మనుషులు లోపల. బుధవారం వాళ్ళు బయట, వీళ్ళు లోపల. షిఫ్టు ఎత్తేశారు, మళ్ళీ ఎవరినీ పిలవలేదు. ఇద్దరూ విజయ ప్రకటనలు వేయించారు నాచేత, 'చారిత్రాత్మకం' అన్న మాట ఇద్దరిదాంట్లోనూ ఉంది. ఆ ఆడవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. ఒకావిడ ఇళ్ళల్లో గిన్నెలు తోమింది, ఒకావిడ ఊరే వదిలేసింది. మీ అమ్మమ్మ దర్జీ దగ్గర కాజాలు తెచ్చుకుని కిటికీ పక్కన కూర్చుని కుట్టేది. కళ్ళు అప్పుడే పోయాయి ఆవిడకి, వయసు వల్ల కాదు. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. తిట్టుకి సమాధానం చెప్పడం మీ తాతకి బాగా వచ్చు, ఊరుకున్న మనిషికి ఏం చెప్పాలో ఆయనకి ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కొన్నాళ్ళకి మీ తాత ప్రెస్సుకొచ్చి నిలబడ్డాడు. 'పని ఉందా బామ్మర్దీ' అన్నాడు, నా మొహం చూడకుండా. అక్షరాలుండే టైపు కేసు ముందు స్టూలు వేశాను. చెయ్యి నెమ్మది, కానీ ఒక్క తప్పూ దొర్లేది కాదు. పైన వాళ్ళ లైను వాళ్ళేమో కూర్చుని తీర్మానం చేశారు, పూర్తికాలం పని వదిలి ప్రైవేటు పెట్టుబడిదారు దగ్గర కూలికి చేరినందుకు ఇతన్ని పార్టీ నుంచి బహిష్కరించాలని. ఆ పెట్టుబడిదారు ఎవరనుకున్నావు? నేనే. నాది ఏ రకమో మాత్రం తేల్చలేదు, అంత తీరిక లేదు కాబోలు. ఆ బహిష్కరణ ప్రకటన ఎక్కడ వేయించాలి? ఊళ్ళో ఉన్నది ఒకటే ప్రెస్సు. కొత్త కార్యదర్శి కాగితం పట్టుకొచ్చి, స్టూలు మీద మీ తాతని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మీ తాతే చెయ్యి చాపాడు, 'ఇటివ్వు' అని. అతన్ని అక్కడే నిలబెట్టి చదివాడు. 'రెండో పేరాలో వాదన తేలిపోయింది, బలం లేదు, నేను సర్దుతాను' అన్నాడు. ఆ కార్యదర్శి 'సరే అన్నా' అని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

తనని తిట్టిన తిట్లన్నీ తనే కూర్చుకున్నాడు, తల్లీ. సాయంత్రానికి ప్రూఫు తీసి నాకిచ్చాడు. కాగితం పక్కన పెట్టుకుని సరిచూస్తున్నాను. అంతా సరిపోయింది. ఆఖర్న ఒక వాక్యం మాత్రం వాళ్ళ కాగితంలో లేదు. 'రెండో షిఫ్టు ఆడవాళ్ళ పని పోవడానికి ఇతని మొండితనమే కారణం' అని ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాను, లేదు. 'బావా, ఇది వాళ్ళు రాయలేదే' అన్నాను. చేతికంటిన సిరా గుడ్డతో తుడుచుకుంటూ, 'మర్చిపోయారు' అన్నాడు. 'ఉంచు.'

...

ఆ కిటికీ కాస్త ఓరగా వెయ్యమ్మా, ఎండ సూటిగా మొహాన కొడుతోంది. అన్నం తిన్నావా లేదా ఇంతకీ?